బుట్టలో పడేదాకా నడక

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరకో, కూతురి దగ్గరకో వెళ్లారు. ఆరు నెలలు ఉండొచ్చు. మొదటి వారం నిద్ర సర్దుకోవడంతోనే సరిపోతుంది. రెండో వారం గుడి, ఇండియన్ స్టోరు, పిల్లల స్నేహితుల ఇళ్లలో భోజనాలు. అసలు కష్టం మూడో వారం నుంచి మొదలవుతుంది. పిల్లలు ల్యాప్‌టాప్‌ల ముందు, మనవలు బడిలో, మీరు సోఫాలో. కారు నడపలేరు. బయటికి వెళ్తే ఒకే రకం ఇళ్లు, ఒకే రకం పచ్చిక, వీధిలో మనిషి అలికిడి ఉండదు. మన దగ్గరైతే కూరగాయల బండి దాకా వెళ్లొచ్చినా ఇద్దరు పలకరిస్తారు. అక్కడ నాలుగు రోజులు నడిచేసరికి విసుగొస్తుంది. అయిదో రోజు టీవీలో తెలుగు సీరియల్ గెలుస్తుంది.

ఇంట్లో మాత్రం తిండికి లోటుండదు. కాబట్టి ఆరు నెలల తర్వాత ఊరికొచ్చి రక్తపరీక్ష చేయించుకుంటే హెచ్‌బీఏ1సీ పెరిగి కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. నడక మంచిదని మీకు తెలియక కాదు. నడవడానికి ఓ కారణం దొరక్క.

ఆ కారణం చాలా ఊళ్లలో ఇంటికి కాస్త దూరంలోని పార్కులోనే ఉంది. చెట్ల మధ్య ఇనుప స్తంభానికి గొలుసులు వేలాడుతూ, కింద ఓ బుట్టతో కనిపించే వింత వస్తువును మీరు ఇప్పటికే చూసి ఉండొచ్చు. చెత్తబుట్ట అనుకుని అరటితొక్క వేయబోయి ఆగినవాళ్లూ ఉన్నారు. అది డిస్క్ గోల్ఫ్ ఆడే బుట్ట. గోల్ఫ్ అనగానే అది ధనవంతుల ఆట, మనకెందుకు అనుకోకండి. దీనికి క్లబ్బు సభ్యత్వం అక్కర్లేదు. కర్రలు లేవు, బంతి లేదు. గుంత కూడా లేదు. చాలావరకు ప్రవేశ రుసుమూ ఉండదు. ఓ ప్లాస్టిక్ డిస్కు చాలు.

బిళ్లంగోడు ఆడినవాళ్లకు రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది

మొదలుపెట్టే చోటును 'టీ' అంటారు. అంటే ఓ చిన్న సిమెంటు చప్టానో, రబ్బరు చాపో, చదును చేసిన నేలో. అక్కడి నుంచి దూరంగా ఉన్న బుట్ట వైపు డిస్కు విసురుతారు. అది ఎక్కడ పడితే అక్కడికి నడిచి వెళ్లి, ఆ చోటు నుంచే మళ్లీ విసురుతారు. బిళ్లంగోడులో, తెలంగాణవాళ్లు చిర్రగోనె అంటారు, బిళ్ల పడిన చోటే మళ్లీ గోడు పట్టుకుని నిలబడ్డట్టు. డిస్కు గొలుసులకు తగిలి గలగలమంటూ బుట్టలో పడితే ఒక 'హోల్' అయినట్టు. ఎన్ని విసుర్లు పట్టాయో లెక్క రాసుకుని పక్కనున్న తర్వాతి టీ దగ్గరకు వెళ్లాలి. ఒక కోర్సులో ఇలాంటివి 9 గానీ 18 గానీ ఉంటాయి. అన్నీ కలిపి తక్కువ విసుర్లతో ముగించినవాళ్లు గెలిచినట్టు.

హద్దుగీత దాటి బయట పడితే ఒక విసురు జరిమానా. బుట్టకు దూరంగా ఉన్నవాళ్లు ముందు విసరాలి. మొదటిసారికి ఈ మాత్రం తెలిస్తే సరిపోతుంది.

దీన్ని కనిపెట్టింది ఎవరో ఒక్కరని చెప్పడం కష్టం. చెట్లను, దీపస్తంభాలను గురిగా పెట్టుకుని ఫ్రిస్బీలు విసిరే ఆట అంతకుముందే అక్కడక్కడా ఉండేది. దానికి ఇప్పటి రూపం ఇచ్చింది మాత్రం ఎడ్ హెడ్రిక్. ఫ్రిస్బీలు తయారుచేసే వామ్-ఓ సంస్థలో పనిచేసినాయన. 1975లో లాస్ ఏంజెలెస్ దగ్గరి లా కన్యాడా ఫ్లింట్‌రిడ్జ్‌లో ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు ఏర్పాటు చేశారు. నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబరేటరీకి పక్కనే ఉంటుందది. మొదట్లో ఉత్త స్తంభాలే గురి. డిస్కు స్తంభానికి తగిలిందా లేదా అని వాదులాటలు సహజం. గొలుసులు, బుట్ట పెడితే ఆ వాదనే ఉండదని ఆయనకు తట్టింది. 1976లో ఆటగాళ్ల సంఘాన్నీ ఆయనే స్థాపించారు. 2002లో చనిపోయాక, ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని కలిపి డిస్కులు తయారుచేశారు. గంగలో కలపమనే మనకు ఇది విచిత్రంగానే ఉంటుంది!

జామాయిల్ చెట్ల కింద

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు అందుబాటులో ఉన్న ఒక కోర్సు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. నగరంలోని గోల్డెన్‌గేట్ పార్కులో 18 బుట్టల కోర్సు ఉంది. పార్కు వెయ్యి ఎకరాలకు పైనే. పడమటి కొస పసిఫిక్ సముద్రం. 150 ఏళ్ల క్రితం ఇదంతా ఇసుక దిబ్బలు. 1870ల నుంచి మొక్కలు నాటి, ఇసుక కదలకుండా చేసి, అడవిలాంటి పార్కును నిలబెట్టారు. అప్పట్లో నాటినవాటిలో మాంటెరే పైన్, మాంటెరే సైప్రస్‌తో పాటు యూకలిప్టస్ కూడా ఉంది. అంటే మన జామాయిల్. చెట్ల కిందకు వెళ్లగానే ఆ వాసన ముక్కుకు తగులుతుంది. రాలిన బెరడు పేలికలు, ఎండుటాకులు కాళ్ల కింద కరకరలాడుతుంటాయి. ఖమ్మం వైపు జామాయిల్ తోటల్లో తిరిగినవాళ్లకు ఊరు గుర్తుకు రాకమానదు.

కోర్సు పార్కుకు ఉత్తరం వైపు, ఫుల్టన్ వీధికి దగ్గరగా, మార్క్స్ మెడో అనే పచ్చిక బయలు పక్కన ఉంటుంది. పెద్ద కొండలెక్కడం ఉండదు. నేల మెత్తన, వాలు కొద్దిగా. చెట్ల మధ్య సందుల్లోంచి విసరాలి కాబట్టి బలం కన్నా గురికే విలువ ఎక్కువ. పెద్దవయసువాళ్లకు ఇది కలిసొచ్చే సంగతి. పాతికేళ్ల కుర్రాడు బలంగా విసిరి చెట్టుకు కొట్టి, డిస్కు ఎటుపోయిందో వెతుక్కుంటుంటాడు. అరవై ఏళ్ల తాత నింపాదిగా మూడు చిన్న విసుర్లతో బుట్ట దగ్గర ఉంటాడు.

కారు లేకపోయినా వెళ్లొచ్చు. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో సివిక్ సెంటర్‌లో దిగితే, అక్కడి నుంచి ఫుల్టన్ వీధి వెంట వెళ్లే సిటీ బస్సు ఉంది. మొదటిసారి మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని శనివారం వెళ్లండి. దారి అలవాటయ్యాక మీరిద్దరే వారం మధ్యలో వెళ్లొచ్చు. అప్పుడైతే రద్దీ కూడా తక్కువ. ఆడే ఓపిక లేని రోజున, కోర్సుకు తూర్పున జేఎఫ్‌కే డ్రైవ్ అనే రోడ్డులో చాలా భాగం 2020 నుంచి కార్లు లేకుండా నడిచేవాళ్లకూ, సైకిళ్లకూ వదిలేశారు. అక్కడ ఊరికే తిరిగినా హాయిగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. జులై, ఆగస్టు అంటే ఎండాకాలమే కదా అని పల్చటి చొక్కాతో వెళ్లకండి. ఫ్రీమాంట్‌లో ఎండ మాడ్చేస్తున్నప్పుడే ఇక్కడ సముద్రం మీంచి పొగమంచు దూసుకొస్తుంది. స్వెట్టరు, పైన గాలి ఆపే జాకెట్, చెవులకు టోపీ ఉండాలి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి. చలిగాలిలో ఛాతీ బిగుతుగా అనిపించే గుండెజబ్బు ఉన్నవాళ్లు మంచు విడిపోయిన మధ్యాహ్నం పూటే వెళ్లడం మేలు.

వేరే ఊళ్లో ఉన్నారా? బెంగపడక్కర్లేదు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ కోర్సులున్నది అమెరికాలోనే. డాలస్, ఆస్టిన్, షార్లెట్, అట్లాంటా... మనవాళ్లు ఎక్కువగా ఉండే ఏ నగరంలోనైనా పార్కుల్లో ఇవి కనిపిస్తాయి. కోర్సులన్నీ చూపించే యూడిస్క్ అనే యాప్ ఉంది. పిల్లల్ని అడిగితే ఫోన్లో వేసి పెడతారు. అందులో తేలికైనదా, కష్టమైనదా అనేది కూడా రాసి ఉంటుంది. తేలికైనదే ఎంచుకోండి. టెక్సాస్‌లో అయితే పొగమంచు సంగతి మరచిపోండి. అక్కడ వేసవిలో పొద్దున్న తొమ్మిదిలోపు ముగించాల్సిందే.

ఒంటికి ఏం చేస్తుంది?

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. డిస్క్ గోల్ఫ్ పరుగుపందెం కాదు. విసరడం, ఆగడం, నడవడం, ఇతరులు విసిరేదాకా నిలబడటం... ఇలా సాగుతుంది. గుండె వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 'రెండు గంటలు ఆడాను కాబట్టి రెండు గంటల వ్యాయామం అయిపోయింది' అని లెక్కేసుకుంటే తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెబుతున్నది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శ్రమ. మధ్యస్థాయి అంటే, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. ఆటలో ఆ స్థాయి రావాలంటే డిస్కు దగ్గరకూ, తర్వాతి టీ దగ్గరకూ వెళ్లేటప్పుడు చకచకా నడవాలి. 18 హోల్స్ పూర్తయ్యేసరికి మూడు నుంచి ఆరు కిలోమీటర్లు నడక అవుతుంది. కోర్సును బట్టి, మీరు ఎంత వంకరగా విసురుతారన్న దాన్ని బట్టి కూడా! గురి తప్పినకొద్దీ నడక పెరుగుతుంది. ఓడిపోయినవాళ్లకే ఎక్కువ లాభం వచ్చే ఆటలు అరుదు.

ఇక్కడ నాకు నడకకన్నా ముఖ్యంగా కనిపించేది ఇంకోటి ఉంది. 65 ఏళ్లు దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు కూడా చేయాలని అదే సంస్థ చెబుతోంది. మనలో ఎంతమంది చేస్తున్నారు? ఒంటికాలి మీద నిలబడమంటే నవ్వుతారు. ఈ ఆటలో అది నిబంధనల్లోనే ఉంది. బుట్టకు 10 మీటర్ల లోపు నుంచి విసిరినప్పుడు, డిస్కు చేతిలోంచి వెళ్లాక కూడా ముందుకు తూలి అడుగు వేయకూడదు. ఉన్న చోటే పూర్తిగా నిలదొక్కుకున్నామని కనిపించాకే బుట్ట వైపు కదలాలి. ఒక ఆటలో ఇలాంటి సందర్భాలు పాతిక, ముప్ఫై దాకా వస్తాయి. దీనికి వేర్ల మధ్య, ఎగుడుదిగుడు నేల మీద చూసి అడుగేయడం తోడవుతుంది. ట్రెడ్‌మిల్ మీద ఇది రాదు. పెద్దవయసులో తుంటి ఎముక విరగడమంటే ఏమిటో ఇంట్లో ఒకరిని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కింద పడకుండా నిలదొక్కుకోవడం అంత విలువైనది.

ఇంకా కొన్ని ఉన్నాయి. డిస్కు తీయడానికి ప్రతిసారీ వంగి లేవాలి. నడుము తిప్పాలి. దూరం అంచనా వేయాలి. గాలి ఎటు వీస్తోందో చూడాలి. లెక్క గుర్తుపెట్టుకోవాలి. అన్నిటికీ మించి మనవరాలితో ఆడొచ్చు. మన ఇళ్లల్లో పిల్లలు ఆడుతుంటే తాతయ్య, అమ్మమ్మ కుర్చీ వేసుకుని చూస్తారు. ఇక్కడ ఎనిమిదేళ్ల పాపా, అరవై ఎనిమిదేళ్ల తాతా ఒకే బుట్టకు గురిపెట్టొచ్చు. తెలుగు సరిగ్గా రాని పిల్లకూ, ఇంగ్లిషు యాస అర్థంకాని పెద్దలకూ మధ్య మాటలు దొరకని ఇళ్లు చాలా ఉన్నాయి. "తాతా, అక్కడ పడింది, పొదలో!" అనే మాటతో ఆ పూట మొదలైనా చాలు.

పేకముక్క విసిరినట్టు

డిస్కు విసరడానికి బలం కన్నా తిరుగుడు ముఖ్యం. బొంగరం తిరిగినంతసేపే నిలబడ్డట్టు, డిస్కు కూడా గిర్రున తిరుగుతున్నంతసేపే గాల్లో స్థిరంగా వెళ్తుంది. కూర్చుని పేకముక్కను దూరంగా విసిరేటప్పుడు మణికట్టు ఎలా కదులుతుందో గుర్తుచేసుకోండి. అదే కదలిక. బొటనవేలు డిస్కు పైన, మిగతా వేళ్లు అంచు కింద. కుడిచేతివాటం వాళ్లయితే కుడి భుజం బుట్ట వైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడాలి. డిస్కును ఛాతీ ఎత్తులో వెనక్కి తీసుకెళ్లి, ముందు తుంటి, తర్వాత భుజం, చివరగా చెయ్యి తిరిగేలా లాగి వదలాలి. ఇలా విసిరిన డిస్కు వేగం తగ్గగానే ఎడమవైపు వాలుతుంది. అది మీ తప్పు కాదు, దాని తత్వం. కాబట్టి బుట్టకు కాస్త కుడివైపు గురిపెట్టండి. ఎడమచేతివాటం వాళ్లకు అంతా తలకిందులు.

యూట్యూబ్‌లో ఆటగాళ్లు నాలుగడుగులు పరుగెత్తి, గిర్రున తిరిగి విసరడం చూస్తారు. అది మీకు వద్దు. నిలబడి విసరండి. మోకాళ్లు అరిగినవాళ్లకు మరీ ముఖ్యం. ముందుకాలు నేలకు బిగబట్టి, ఒళ్లంతా దాని మీద తిప్పితే ఆ మెలి అంతా మోకాలి కీలు మీదే పడుతుంది. విసిరాక ముందు పాదం మడమ మీద స్వేచ్ఛగా తిరగనివ్వండి.

షాపులో డిస్కులు మూడు రకాలు కనిపిస్తాయి. దూరానికి 'డ్రైవర్', మధ్యదూరానికి 'మిడ్‌రేంజ్', బుట్ట దగ్గరకు 'పట్టర్'. డ్రైవర్ల అంచు పదునుగా, వేగంగా వెళ్లేలా ఉంటుంది. దాన్ని సరిగ్గా ఎగరేయాలంటే చేతిలో చాలా వేగం ఉండాలి. లేకపోతే పక్కకు తిరిగి కూలిపోతుంది, కోపంతో ఇంకా బలంగా విసురుతారు, భుజం పట్టేస్తుంది. మొదలుపెట్టేవాళ్లకు ఒక పట్టర్, ఒక మిడ్‌రేంజ్ చాలు. అదీ 150, 160 గ్రాముల తేలికరకం. ఒక్కోటి పది నుంచి ఇరవై డాలర్లలో వస్తుంది. ఎరుపో, నారింజో, గులాబీయో ముదురు రంగు తీసుకోండి. ఆకుపచ్చది కొంటే గడ్డిలో వెతకడానికే పూటంతా పోతుంది.

వేషం గురించి ఒక మాట. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడే ఆట ఇది. చుడీదారో, ట్రాక్ ప్యాంటో వేసుకుంటే అమ్మలకు సుఖం. చెప్పులు, శాండల్స్ అసలు వద్దు. అడుగుభాగం గరుకుగా ఉన్న బూట్లు కావాలి. తడి గడ్డి జారుతుంది. బురుజుల్లాంటి మట్టికుప్పలు, పక్కనే కన్నాలు కనిపిస్తాయి. అవి గోఫర్ అనే ఎలుకజాతి జంతువు తవ్వినవి. డిస్కు వైపు చూస్తూ నడిస్తే పాదం అందులోకి దిగి మడమ మెలిపడుతుంది. చూసి నడవండి, నడుస్తూ చూడకండి.

ఎవరు ఆగాలి, ఎక్కడ ఆగాలి

అమెరికాలో వైద్యం ఖరీదు మీకు తెలుసు. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి అంతకుముందే ఉన్న జబ్బుల విషయంలో పరిమితులు ఉంటాయి. కాబట్టి డాక్టరును కలవాల్సింది అక్కడికి వెళ్లాక కాదు. ఇక్కడ, పచ్చడి డబ్బాలు సర్దకముందే. ఈమధ్యే గుండెపోటు వచ్చి తగ్గినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, తరచూ కళ్లు తిరిగేవాళ్లు, ఇటీవలే కంటి శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు, షుగర్‌తో కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్లు, పాదంలో పుండు ఉన్నవాళ్లు అడక్కుండా మొదలుపెట్టకూడదు.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ ఆటలో మూడు చిక్కులు. ఒకటి భుజం. భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ సమస్య షుగర్ ఉన్నవాళ్లలో మిగతావాళ్లకన్నా ఎక్కువ. జడ వేసుకోవడానికి, చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి లేవనప్పుడు, రాత్రిళ్లు ఆ పక్కకు తిరిగి పడుకోలేనప్పుడు విసరడం జోలికి పోవద్దు. మనవరాలికి లెక్కలు రాసిపెడుతూ వెంట నడవండి, చాలు.

రెండోది, షుగర్ పడిపోవడం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు రెండు గంటల నడకలో ఈ ముప్పు ఉంది. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్లకు ఇది అరుదు. ఖాళీ కడుపుతో వెళ్లకండి. విసిరే చేతికి ఇన్సులిన్ పొడుచుకుని వెంటనే ఆటకు దిగకండి. కండరం కదలికకు మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. వణుకు, చెమటలు, గుండెదడ, కంగారు మొదలైతే 'ఈ ఒక్క హోల్ అయిపోనీ' అనుకోకుండా కూర్చోండి. వీలుంటే పరీక్ష చేసుకోండి. 70 మి.గ్రా. కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, లేదా అర కప్పు పండ్లరసం. 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. కోలుకున్నాక ఏదైనా తినాలి. ఆడినరోజు రాత్రి కూడా షుగర్ తగ్గొచ్చు. అందుకే భోజనం ఆలస్యం చేయకూడదు. జేబులో గ్లూకోజ్ బిస్కెట్లు ఉన్నాయా అని బయల్దేరేముందు పిల్లలు తడిమి చూస్తే తప్పులేదు.

మూడోది పాదాలు. స్పర్శ తగ్గినవాళ్లకు బూటులో చిన్న పుల్ల దూరినా తెలియదు. ఇంటికి రాగానే మేజోళ్లు తీసి, అరికాళ్లు అద్దంలో చూసుకోండి.

ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా ఈ ఆటలో దెబ్బతినేవి మోచెయ్యి, భుజం, నడుము. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. కొత్త ఉత్సాహంలో దూరంగా విసరాలని ఒక్కరోజే వంద విసుర్లు విసరడం. మొదటి వారం 30 విసుర్లు దాటొద్దు. ముందు ఐదు నిమిషాలు నడిచి, భుజాలు గుండ్రంగా తిప్పి, నడుము అటూఇటూ తిప్పి, మొదటి నాలుగు విసుర్లు సగం బలంతోనే విసరండి. మోచేతి బయటివైపు నొప్పి వస్తే మణికట్టును అతిగా విదిలిస్తున్నారన్నమాట. రెండు వారాలు విశ్రాంతినిచ్చినా తగ్గకపోతే మన ఊళ్లోని డాక్టరుకే వీడియో కాల్‌లో చూపించండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, మామూలుకన్నా ఆయాసం ఉంటే మాత్రం వీడియో కాల్ కాదు. వెంటనే 911.

మూడు ఆకుల మొక్క

డిస్కు పొదలో పడింది. చెయ్యి పెట్టి తీసేముందు ఒక్క క్షణం. కాలిఫోర్నియాలో పాయిజన్ ఓక్ అనే పొద చాలాచోట్ల పెరుగుతుంది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు. వసంతంలో నిగనిగలాడే పచ్చగా, వేసవి చివర ఎర్రగా ఉంటుంది. దాన్లోని జిడ్డురసం చర్మానికి తగిలితే కొన్ని గంటలకో, ఒకట్రెండు రోజులకో దురద, ఎర్రటి పొక్కులు వస్తాయి. మన నల్లజీడి గింజ రసం తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో పాతవాళ్లకు తెలుసు. రెండూ ఒకే కుటుంబం. జీడిమామిడి, మామిడి కూడా ఆ చుట్టాలే. మామిడికాయ సొన తగిలితే మూతి పొక్కేవాళ్లు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి.

చాలామంది మరచిపోయే సంగతి, ఆ జిడ్డు డిస్కుకు కూడా అంటుకుంటుంది. చేతులు కడుక్కుని, మళ్లీ అదే డిస్కు పట్టుకుంటే ఫలితం ఏముంది? డిస్కు, బూట్ల తాళ్లు, చేతులు అన్నీ సబ్బుతో బాగా కడగాలి. ఎంత త్వరగా కడిగితే అంత మంచిది. అనుమానంగా ఉన్న పొదలో పడితే పొడవాటి కర్రతో లాగండి. రాకపోతే వదిలేయండి. పదిహేను డాలర్ల కోసం పదిహేను రోజుల దురద కొనుక్కోవడం ఎందుకు? గడ్డి ఎత్తుగా ఉన్నచోట పిడుదులు కూడా కాళ్లకు పట్టుకోవచ్చు. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో చూసుకోవాలి. కొయోట్ అనే నక్కలాంటి జంతువు ఎదురైతే కంగారుపడి పరుగెత్తకండి. తిండి వేయకండి. చిన్నపిల్లల్ని దగ్గరకు తీసుకుని, చప్పుడు చేస్తూ పక్కకు తప్పుకుంటే అదే పోతుంది.

గాల్లో వచ్చే డిస్కు దెబ్బ తేలిక కాదు. ముందు జట్టు బుట్ట దగ్గరి నుంచి కదిలేదాకా విసరకూడదు. అది పబ్లిక్ పార్కు. స్త్రోలర్ తోసుకుంటూ వచ్చేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు ఉంటారు. డిస్కు ఎవరివైపైనా వెళ్తుంటే "ఫోర్!" అని గట్టిగా అరవాలి. మీకా అరుపు వినిపిస్తే తలెత్తి చూడకండి, రెండు చేతులతో తల కప్పుకుని వంగండి.

వెనక వచ్చే కుర్రాళ్లు మీకన్నా వేగంగా ఆడుతుంటే పక్కకు జరిగి, ముందుకు వెళ్లమని చెయ్యి ఊపండి. దాన్ని ఎవరూ అవమానంగా చూడరు, మర్యాదగానే చూస్తారు. ఒంటరిగా వచ్చినవాళ్లు "మీతో కలిసి ఆడొచ్చా?" అని అడగడం కూడా మామూలే. ఒప్పుకోండి. మూడో వారం నుంచి మీకు కరువైంది ఇలాంటి పలకరింపే కదా. మీ ఇంగ్లిషు గురించి బెరుకు వద్దు. ఈ ఆటలో "నైస్ షాట్", "గుడ్ ట్రై" అనే రెండు మాటలతో 18 బుట్టలు దాటొచ్చు. బయల్దేరేముందు టాయిలెట్ ఎక్కడుందో మాత్రం మ్యాపులో చూసుకోండి. ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్లకు, నీటిమాత్రలు వాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. టాయిలెట్ దొరకదేమోనన్న భయంతో నీళ్లు తాగడం మానేసి ఆడటం ఇంకా ప్రమాదం.

తిరిగొచ్చాక

రెండు డిస్కులు కలిపినా అరకిలో తూగవు. సూట్‌కేసులో అడుగున పెట్టి తెచ్చుకోండి. మన దగ్గర గొలుసుల బుట్టలున్న పార్కు కనిపించడం అరుదే గానీ, ఈ ఆట మొదట్లో బుట్టలు లేకుండానే నడిచింది. ఊళ్లో కాలేజీ గ్రౌండో, ఖాళీగా ఉన్న మామిడితోటో చూసుకోండి. తొమ్మిది చెట్లు ఎంచి, ఛాతీ ఎత్తులో ఓ ఎర్ర గుడ్డ కట్టండి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఎనభై, వంద అడుగులు ఉంటే చాలు. డిస్కు మానుకు తగిలితే బుట్టలో పడ్డట్టే లెక్క. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే స్నేహితులకు ఒక డిస్కు ఇచ్చి చూడండి. దగ్గరి గురి సాధన చేయాలంటే పెరట్లో ఓ గంప పెట్టుకుని పది అడుగుల నుంచి మొదలుపెట్టొచ్చు. కొబ్బరిచెట్టును మాత్రం గురిగా పెట్టుకోకండి, డిస్కు తీయడానికి దాని కిందకే వెళ్లాలి.